కాయల గుట్టలో సీసా

ఆ ఏడు మా ఇంట్లోకి బీరు సీసాలు తెచ్చింది మా ఆయన కాదు, నేను. ఈ మాట ఎంతమందికి చెప్పినా నవ్వుతారు గానీ నమ్మరు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీ ఇష్టం.

మా ఆయన జక్రయ్య ఇరవై ఏళ్ళు తాగాడు. తాగి కొట్టే రకం కాదు, ఏడ్చే రకం. కొట్టేవాడైతే పుట్టింటికి పోయి కూర్చునేదాన్ని. ఏడ్చేవాణ్ణి వదిలి ఎక్కడికి పోతాం? పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం తాగి చర్చికి వచ్చి, అందరి ముందూ పడిపోయాడు. అప్పటి నుంచి ఆయనకి బల్ల లేదు. బల్లంటే ప్రభువు బల్ల. నెలకోసారి అందరికీ ఇచ్చే ఆ రొట్టె ముక్క, ఆ గుక్కెడు ద్రాక్షరసం. నేను ముందుకెళ్ళి తీసుకుంటుంటే ఆయన వెనక చెప్పుల దగ్గర కూర్చుని చూస్తుండేవాడు.

ఆ ఏడు కొత్త సంవత్సరం ఆరాధనలో ఎవరూ అడక్కుండానే లేచి, "ఇక ముట్టను" అన్నాడు. మా పాస్టరు ఇమ్మానియేలు అయ్యగారు ఇలాంటి మాటలు చాలా విన్న మనిషి. "ఈస్టరు దాకా నిలబడు జక్రయ్యా. నిలబడితే ఆ రోజు నీ చేతిలో రొట్టె నేనే పెడతా" అన్నారు. జనవరి గడిచింది. ఒకటే వణుకు, ఒకటే చెమట, అన్నం తింటే వాంతి. అయినా నిలబడ్డాడు. ఆ నెల రోజులూ ఆయన నోటి వాసన చూడకుండా నేను పడుకున్న రోజు లేదు.

ఇంత జరుగుతున్న ఇంట్లోకి బీరు తెచ్చానంటే నాకెంత పొగరుండాలి!

డ్వాక్రా వాళ్ళు నేర్పితే రెండేళ్ళుగా సబ్బులు చేస్తున్నాను. పొయ్యి మీద ఉడికించేవి కాదు. నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి, తిప్పి, అచ్చులో పోసి, ముక్కలు కోసి నలభై రోజులు ఆరబెట్టేవి. సత్తెనపల్లిలో బ్యూటీ పార్లర్ నడిపే మాధురి గారు ఫోన్ చేశారు. "కొబ్బరి నూనె సబ్బులు ఊరూరా చేస్తున్నారు హెలెన్ గారూ. మీరు బీరు సబ్బు చేయండి. నీళ్ళ బదులు బీరు పోస్తే నురగ భలే వస్తుందట. ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటా."

"బీరా? మా ఇంట్లోనా? మా సంగతి తెలీదండీ మీకు" అని పెట్టేశాను. మూడో రోజు నేనే చేశాను. అప్పటికి మిరప కోతలు మొదలయ్యాయి. పొద్దంతా కోసి ఇంటికొస్తే చేతులు ఎంత మండుతాయంటే, నీళ్ళలో పెట్టినా మంటే, తీసినా మంటే. ఇంకో పదేళ్ళు ఈ చేతులతో కాయలు కోయలేనని నాకు తెలుసు. ఆశ పుట్టింది, అంతే.

ఆయనకి చెప్పలేదు. చెప్పకపోవడమే ఆయన్ని కాపాడటం అనుకున్నాను.

బీరు కొనేదెవరు? నేను వెళ్ళి బ్రాందీ షాపు ముందు నిలబడితే, నేను ఇంటికి రాకముందే కబురు ఇంటికొస్తుంది. మా కాయలు గుంటూరు యార్డుకి తోలే బుడాన్‌ని పట్టుకున్నాను. ముగ్గురు పిల్లల తండ్రి, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆరు సీసాలు గోతంలో చుట్టి, వాటి మీద పాత పట్టా కప్పి పట్టుకొచ్చాడు.

"అక్కా, నేను ముట్టనిది, నువ్వు ముట్టనిది. మనిద్దరికీ ఏంటక్కా ఈ కర్మ? రంజాన్ నెల! ఉపవాసం ఉండి బీరు కొంటుంటే షాపు వాడు నా టోపీ వంకే చూస్తున్నాడు."

"మాకూ శ్రమకాలమే లేరా. ఈస్టరు దాకా నలభై రోజులు మాంసం ముట్టను నేను."

"బీరు మాత్రం ముట్టావు" అని గొణుక్కుంటూ పోయాడు.

సీసాలు బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టి పైన బియ్యం పోశాను. ఉడకబెట్టి గ్యాసు తీసేశాకే బీరులో సోడా వేయాలని వీడియోలో చెప్పారు. నేను వినే రకమా? మూత తీసి ఒక పూట ఉంచితే చాల్లే అనుకున్నాను. సోడా వేయగానే గిన్నెలోంచి నురగ బుస్సుమని లేచి, గట్టు మీదికి, అక్కణ్ణుంచి నా ముంజేతి మీదికి వచ్చింది. నాలుగు వేళ్ళంత వెడల్పున తోలు ఊడింది.

సాయంత్రం మా ఆయన చేలోంచి వచ్చి గడపలోనే ఆగాడు. ముక్కు ఎగరేశాడు. ఆయన మొహం మారిపోవడం నా కళ్ళతో చూశాను.

"చేతికేమైంది?"

"నూనె చిందింది."

"ఏం నూనె?"

"ఏదో నూనె. ఇప్పుడదంతా అవసరమా?"

నా చేతి వంక, గట్టు వంక, నా మొహం వంక చూశాడు. ఆ రోజు నుంచి కాయలకి కాపలా అని చెప్పి కల్లంలోనే పడుకోవడం మొదలెట్టాడు. వాసన తగిలింది, ఇక వెతుక్కుంటాడు, మళ్ళీ మొదలు. రోజూ ఆయన చేలోకి వెళ్ళగానే డ్రమ్ములో చెయ్యి పెట్టి బియ్యం కింద సీసాలు తడిమి చూసుకునేదాన్ని. ఐదూ ఉండేవి. అయినా ఆయన్నే అనుమానించాను.

మార్చి ఐదో తారీఖు, గురువారం. ఈసారి బుద్ధిగా బీరు ఉడకబెట్టి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి సోడా కొంచెం కొంచెంగా వేశాను. పొంగలేదు. ఎర్రగా, అచ్చం టీ డికాషన్‌లాగా అయ్యింది. వేడి తగ్గాక నూనెలో కలుపుదామని గిన్నె పక్కన పెట్టానో లేదో, వాకిట్లో చప్పుడు.

"వందనాలమ్మా హెలెనమ్మా! ఈ రోజు కూడిక మీ ఇంట్లో."

అయ్యగారు, వెనక నలుగురు ఆడవాళ్ళు. శ్రమకాలంలో రోజుకో ఇంట్లో ప్రార్థన పెడతారు. మా వంతు శనివారం. ఆ రోజు పెట్టాల్సిన వాళ్ళింట్లో అందరికీ జ్వరాలట.

మా అత్త పున్నమ్మ అప్పటికే వసారాలో చాపలు పరిచేసి, "రండి, రండి, టీ పెడతా" అని వంటింటి వైపు వస్తోంది. నా ప్రాణం పోయింది. గట్టు మీద స్టీలు గిన్నెలో ఎర్రటి నీళ్ళు. మా అత్తకి కళ్ళు సరిగా ఆనవు. పాలు పోసి, పంచదార వేసి, అయ్యగారి చేతిలో పెట్టేస్తుంది.

"నువ్వు కూర్చో అత్తా, నేను పెడతా" అని ఒక్క అరుపు అరిచి, గరాటా పెట్టి ఆ నీళ్ళు మళ్ళీ ఖాళీ బీరు సీసాలోకే పోశాను. మూతికి గుడ్డ ముక్క బిగించాను. ఎక్కడ పెట్టాలి? వంటగది ఒక్కటే, అందులోకే అందరూ వస్తారు. పెరటి తలుపు తీసుకుని కల్లంలోకి పరిగెత్తి, ఎండుమిరపకాయల గుట్టలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, సీసా అడుగున పెట్టి కాయలు కప్పేశాను.

ఆ చోటే ఎందుకు తట్టిందో ఆ క్షణాన నాకు తెలీలేదు. ఇరవై ఏళ్ళూ మా ఆయన సీసాలు నేను బయటికి లాగింది ఆ కాయల గుట్టలోంచే. దాచడం నాకు వచ్చింది ఆయన దగ్గర్నుంచే.

టీ ఇచ్చి, దొంగకి తేలు కుట్టినట్టు వచ్చి చాప మీద కూర్చున్నాను. మా వసారాలో కూర్చుంటే కల్లం మొత్తం కనబడుతుంది. పాట అయ్యింది. వాక్యం అయ్యింది. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే పడమట మబ్బు లేచింది. చేలోంచి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు, కాయలు తడుస్తాయని. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, పరిచిన కాయలన్నీ గుట్ట వైపు నెట్టడం మొదలెట్టాడు.

అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. నావి తెరిచి ఉన్నాయి.

"ప్రభువా, ఈ ఇంటి యజమానుణ్ణి నీ చేతుల్లో పెడుతున్నాం..." అయ్యగారు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అంటున్నారు. "అరవై నాలుగు రోజులుగా ఆయన్ని నిలబెట్టావు..."

ఆ నిలబడ్డవాడు గుట్ట చుట్టూ తిరిగి ఆ పక్కకి వచ్చాడు. పట్టా సర్దడానికి వంగాడు. వంగినవాడు లేవలేదు. చెయ్యి కాయల్లోకి వెళ్ళింది. అక్కడే ఆగింది.

అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కాయల గుట్టలో బీరు సీసా, జక్రయ్య చేతిలో బీరు సీసా, అయ్యగారి కళ్ళ ముందు. ఈస్టరూ లేదు, బల్లా లేదు, ఇంకో పదకొండేళ్ళు చెప్పుల దగ్గరే. అరవకపోతే? గుక్కెడు చాలు. నా చెయ్యి మీద తోలు ఊడదీసింది గొంతులో ఏం చేస్తుంది! ముట్టనన్నాడు కదా, తాగడులే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే ఉన్నాను, ఆయన మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. తువ్వాలు గడ్డం కిందికి జారింది. కుడి మోచెయ్యి పైకి లేచింది.

"తాగొద్దు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది తాగొద్దయ్యోయ్, చచ్చిపోతావ్!"

ప్రార్థన ఆగిపోయింది. అందరూ కళ్ళు తెరిచారు. మా ఆయన ఇటు తిరిగాడు. కుడి చేతిలో సీసా, ఎడమ చేతిలో నేను బిగించిన గుడ్డ ముక్క. కాయల్లో ఊడిపోయి ఉంటుంది అనుకున్నాను. సీసా మెల్లగా కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

మా అత్త గుండెలు బాదుకుంది. "అయ్యో నా కొడకా! మళ్ళీ అదే గుట్టలో దాచావట్రా!"

"ఆయన దాచలేదు అత్తా. అది నాది. సబ్బుకి తెచ్చా. అందులో సోడా ఉంది."

అయ్యగారు నా వంక జాలిగా చూశారు. తిట్టినా బాగుండేది. "హెలెనమ్మా, ఆయనకి జ్వరమని నాకెన్నిసార్లు చెప్పావమ్మా? ఊళ్ళో లేడని ఎన్నిసార్లు చెప్పావు? నేను వాకిట్లో ఉండగా లోపల గురక వినిపిస్తున్నా, లేడనే అన్నావు. భర్తని కాచుకోవడం తప్పని నేననను. కానీ ఈ రోజు అబద్ధం వద్దు."

చెప్పాను, ఆ అబద్ధాలన్నీ చెప్పాను. ఇరవై ఏళ్ళు ఈ నోటితోనే ఆయన్ని వెనకేసుకొచ్చాను. ఈ నోటితో నిజం చెబితే నమ్మేదెవరు? నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

"అయ్యగారూ, ఇటు రండి" అన్నాను. వంటింట్లోంచి సత్తు మూత, అదే అల్యూమినియంది, తెచ్చి నేల మీద పెట్టి, సీసాలోది రెండు చుక్కలు వేశాను. సత్తు మూత బుసబుసమని పొంగి నల్లబడింది. చూస్తుండగానే అంత మేర గరుకుగా తినేసింది. వెనకున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇది తాగే బీరాండీ? చెప్పండి!"

వాన మొదలైంది. మా ఆయన కాయల మీద పట్టా కప్పేశాడు, మేమందరం లోపలికి వచ్చాం. వాళ్ళ ముందే నూనె గిన్నె పెట్టి, సీసాలోది అందులో పోసి చెక్క గరిటెతో తిప్పాను. ముప్పావు గంట తిప్పాను. భుజం ఊడిపోయినా గరిటె ఎవరికీ ఇవ్వలేదు. ముద్ద చిక్కబడి, గరిటెతో గీస్తే గీత పైనే నిలబడింది. అచ్చులో పోశాను. అయ్యగారు దగ్గరికొచ్చి వంగి చూశారు.

"సబ్బే" అన్నారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, "నన్ను క్షమించమ్మా" అన్నారు.

గుమ్మం పక్కన తడిబట్టలతో మా ఆయన నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన భుజం తట్టి వెళ్ళారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

అప్పటి నుంచి మాటల్లేవు మా మధ్య. అన్నం పెడితే తినేవాడు, కాయలు మూటకట్టమంటే కట్టేవాడు. పదిమందిలో తాగుబోతని అరిచాను కదా, ఎందుకు మాట్లాడతాడు? నేను ఒకరి కాళ్ళు పట్టుకునే రకం కాదు. అయినా పట్టుకున్నంత పని చేశాను. తాలుకాయలు ఏరుతూ ఆయన ఎదురుగా కూర్చుని, "తప్పయిపోయిందయ్యా, నిన్ను నమ్మలేదు" అన్నాను. ఆయన గభాలున లేచి చేలోకి వెళ్ళిపోయాడు. నమ్మకం పోగొట్టుకున్న మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడని అనుకున్నాను.

ఈస్టరు వచ్చింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను, వేసుకున్నాడు. చర్చిలో చెప్పుల దగ్గర కాకుండా మధ్యలో కూర్చున్నాడు. అయ్యగారు రొట్టె విరిచారు. విరిచి, అందరి కన్నా ముందు పిలిచారు.

"జక్రయ్యా, రా."

చర్చంతా వెనక్కి తిరిగింది. మా అత్త అప్పటికే ఏడుస్తోంది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. లేవలేదు. అయ్యగారు మళ్ళీ పిలిచారు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి కళ్ళతో గుచ్చాను, చేత్తో సైగ చేశాను. అడ్డంగా తల ఊపాడు. పండగ పూట నా పరువు గంగలో కలిపాడు. నేనూ లేవలేదు. నా జన్మలో మొదటిసారి బల్ల వదులుకున్నాను.

ఆరాధన అయ్యాక వెనక బోరింగు దగ్గర పట్టుకున్నాను.

"ఏం మనిషివయ్యా నువ్వు? మూడు నెలలు పడ్డ కష్టమంతా ఏట్లో కలిపావే! నా మీద కోపముంటే నన్ను తిట్టు, నాలుగు తన్ను. దేవుడి మీద చూపిస్తావా?"

"నీ మీద కోపమెందుకే?" నెల రోజుల తర్వాత అదే మొదటి మాట. బోరింగు కొట్టి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. "గుడ్డ నేనే పీకాను."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు సీసాకున్న గుడ్డ. ఊడిపోలేదు, నేనే పీకాను. ముక్కు నిండా మిరప ఘాటు, వాసన తెలీలేదు. సీసా వేడిగా ఉంది. ఎండకి కాయల్లో వేడెక్కిందనుకున్నా. నోటి దాకా తెచ్చాను. పెదవికి చుర్రుమంటుందేమోనని టీ ఊదినట్టు ఊదాను. ఆ ఊదడంలో నువ్వు అరిచావు."

బోరింగులోంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. నేను నమ్మకపోవడమే ఆయన్ని బతికించింది. నేను దాచడమే చంపబోయింది. రెండూ నేనే.

"నన్ను నమ్మలేదు, తప్పయిపోయింది అంటూ రోజూ నా చుట్టూ తిరిగావు. చచ్చిపోయాను నేను. నువ్వు అనుకున్నది నిజమేనే హెలెనా." తువ్వాలుతో మొహం తుడుచుకోకుండానే అడిగాడు, "ఆ రోజు అచ్చులో పోసిన సబ్బు, దానికెన్ని రోజులన్నావు?"

"నలభై."

"ఇంకా ఎన్నున్నాయి?"

లెక్కేశాను. "తొమ్మిది."

"నాకూ ఆ రోజు నుంచే లెక్క. కొత్త సంవత్సరం నుంచి కాదు. అది అయ్యాక వచ్చే బల్లకి అయ్యగారికి నేనే చెప్పి నిలబడతా." కొంచెం దూరం నడిచి వెనక్కి తిరిగాడు. "ఇంకోటి. సీసాలు దాచకే. ఇంట్లో వాసన తగిలిన దగ్గర్నుంచి ఎక్కడ దాచావా అనే ఆలోచన నాకు. కల్లంలో పడుకున్నది అందుకే. దాచినదాని మీదికే నా చెయ్యి పోతుంది. కనబడేలా పెట్టు."

మే మొదటి ఆదివారం పిలవకముందే లేచాడు. అయ్యగారికి అన్నీ చెప్పాడట, ఊదిన సంగతితో సహా. రొట్టె రెండు చేతులా అందుకున్నాడు. వెనకే వెళ్ళి నేనూ తీసుకున్నాను.

ఇప్పుడు బీరు సీసాలు కిటికీలో వరసగా ఉంటాయి, వీధిలో పోయేవాళ్ళకి కూడా కనబడేలా. అనుకునేవాళ్ళు అనుకుంటారు. ఆయన్ని ఇంట్లో వదిలి నేను చేలోకి వెళతాను. మలుపు దాకా వెళ్ళాక కాళ్ళు వెనక్కి లాగుతాయి. తిరగను. సాయంత్రం వచ్చాక లెక్కపెట్టుకోనని చెబితే అది అబద్ధం. లెక్కపెడతాను. ఆయన పక్కనే నిలబడి నాతో పాటు పైకి లెక్కపెడతాడు.